ఖాళీబండి అదురు

బెజవాడ చూడవచ్చినవారు మొదట ఇంద్రకీలాద్రి ఎక్కుతారు. దిగివచ్చి ప్రకాశం బారేజి మీద కాసేపు నిలబడి కృష్ణను చూస్తారు. ఓపిక వుంటే ఉండవల్లి గుహలకు పోతారు. పిల్లలు మారాం చేస్తే భవానీ ద్వీపానికి పడవ ఎక్కుతారు. అంతేగాని ఆటోనగరు చూసివద్దామని ప్రత్యేకం బయలుదేరినవారిని నేను ఇంతవరకు ఎరగను. బండి చెడితేనే ఆ పేట గుర్తుకొస్తుంది. బాగుపడగానే మళ్ళీ మరపున పడుతుంది.

నిజానికి అది రోజంతా తిరిగి చూడదగ్గ చోటు. 1960లలో ఏర్పడ్డ ఈ పేట పూర్తిపేరు జవహర్ ఆటోనగరు. ఇంత పెద్దది ఆసియాఖండంలోనే లేదని బెజవాడవాళ్ళు చెప్పుకుంటారు. నేను ఆసియా అంతా తిరగలేదు గనుక కాదనలేను. లోపల అడుగుపెట్టగానే నేల నల్లగా కనిపిస్తుంది. నల్లరేగడి కాబోలుననుకుంటాం. కాదు, ఏళ్ళ తరబడి ఇంకిన ఇంజను నూనె అది. సమ్మెట దెబ్బలూ, గ్రైండరు కీచూ, వెల్డింగు చిటపటలూ కలిసి చెవుల్లో మోత ఎత్తుతుంటే, అందులోనే టీ కుర్రాడు గ్లాసుల బుట్ట పట్టుకుని అరవకుండా, తొణకకుండా తిరుగుతూ వుంటాడు. ఎవరికి చక్కెర వేయాలో ఎవరికి వద్దో అతనికి తెలుసు.

ఒక్కొక్క వీధిది ఒక్కొక్క పని. ఒకచోట అన్నీ లేతు మిషన్లే. మరొకచోట లారీలకు బాడీలు కట్టే వడ్రంగులు. కొత్త లారీ ఇక్కడికి వచ్చేటప్పుడు ఇంజనూ, చట్రమూ, చక్రాలూ మాత్రమే వుంటాయి, వెళ్ళేటప్పుడు పెళ్ళికూతురులా వెళుతుంది. ఒక వీధిలో రెక్సిను కుట్టేవారు, ఒక వీధిలో రేడియేటర్లు అతికేవారు. కమాను కట్టల వీధి వేరే వుంది. బండి బరువు మోసే వంపు ఇనుప పట్టీల దొంతరనే కమాను కట్ట అంటారు. కమాను అంటే ఫారసీలో విల్లు. పనిచేసే మేస్త్రీ పోర్చుగీసువారి మాట. షాఫ్టు ఇంగ్లీషువారిది. ఇన్ని దేశాల మాటలు పోగైన ఆ పేటలో మనదైన మాట ఒకటి, ‘అదురు’, మేము వెంట తీసుకువెళ్ళాం.

మొన్నటి వేసవి సెలవుల్లో మా అత్తవారి ఊళ్ళో వున్నాను. నూజివీడుకు కూతవేటు దూరం. వీణలకూ మామిడిపళ్ళకూ ఆ ప్రాంతం పెట్టింది పేరు. వీణ సంగతి ఎలా వున్నా, వేసవిలో అక్కడ మామిడి మాట తప్ప మరో మాట వినబడదు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు – ఏ ఇంట చూసినా లెక్కలే. మా బావమరిదికి నాలుగెకరాల తోట సొంతం. మరికొన్ని తోటలు గుత్తకు పడతాడు. కాయ కోసి, ప్లాస్టిక్ ట్రేలకెత్తి, బెజవాడ దగ్గర నున్న మార్కెట్టుకు తోలుతాడు. అందుకని అప్పు చేసి ఒక పికప్ బండి కొన్నాడు. నెలకో వాయిదా. సీజను మహా అయితే పది వారాలు. ఆ పది వారాల్లో బండి మూలపడితే మిగతా ఏడాది వాయిదాలు గాలిలో కట్టాలి.

సరిగ్గా అప్పుడే బండి అదరడం మొదలుపెట్టింది.

అరవై కిలోమీటర్ల వేగం దగ్గర మొదలై, డెబ్బైకి సీటంతా పాకి, ఎనభైకి పళ్ళు కొట్టుకునేలా వుండేది. దారిలోని పట్నంలో ఒక షెడ్డువాడు చూసి, ఇది గేరుబాక్సు, మార్చాల్సిందే, అరవై వేలవుతుందన్నాడు. అరవై వేలనేసరికి మావాడికి రెండు రాత్రులు నిద్రలేదు. మూడోనాడు ఒక ఆలోచన వచ్చింది: కొత్త బండికి గేరుబాక్సు ఊరికే పోదు గదా, డ్రైవరు పాడుచేసి వుంటాడు, ఖాళీగా వచ్చేటప్పుడు వాణ్ణి పట్టేవాడెవడు, ఎంత వేగంగా తోలుతున్నాడో, క్లచ్చు ఎట్లా తొక్కుతున్నాడో! ఇక డ్రైవరును పిలిచి, ఖర్చులో సగం నీ జీతంలోంచి నెలనెలా పట్టుకుంటానన్నాడు.

డ్రైవరు పాతికేళ్ళవాడు. మాటకారి కాడు. తల వంచుకుని, “ఖాళీబండే అదురుతుందండీ. లోడుబండి అదరదు” అన్నాడు. అంతే. 

“చూశారా బావగారూ, నే చెప్పలా? ఖాళీగా వున్నప్పుడే అదురుతుందంటే, ఖాళీగా వున్నప్పుడే వీడు బాదుతున్నాడన్నమాట” అన్నాడు మావాడు నాతో. ఆ కుర్రాడు మర్నాడు నుంచి రానన్నట్టుగా తాళంచెవి అరుగు మీద పెట్టాడు. మా అత్తగారు కల్పించుకుని, బెజవాడలో ఇంకొకరికి చూపించి అప్పుడు తగువులాడుకోండని మందలించింది. బెజవాడలో నాకు తెలిసిన పుస్తకాల షాపాయన వుంటే, ఆయన్ను అడిగి ఆటోనగరులో ఒక వృద్ధ మేస్త్రీ ఆచూకీ పట్టాను. తెల్లవారుజామున ముగ్గురం బయలుదేరాం.

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా దారికి రెండు పక్కలా తోటలే. ఆ వేళప్పుడు చెట్టుచెట్టునా చిక్కంకర్రలు కదులుతూ వుంటాయి. పచ్చికాయ సొన వాసన కిటికీలోంచి కొడుతుంది. రోడ్డు అంత మంచిది కాదు గనుక వేగం నలభై దాటలేదు, అదురూ లేదు. జంక్షనులో ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని జాతీయ రహదారి ఎక్కాం. వెనకటి అయిదో నెంబరు రోడ్డే ఇప్పుడు పదహారు. ఎక్కీ ఎక్కగానే బండి అందుకుంది. ముందు ఎక్కడో దూరంగా తుమ్మెద ఝంకారంలా వినిపించింది. తరువాత సీటు కింద పాకింది. అద్దంలో వెనక వచ్చే లారీ రెండు లారీలుగా కనబడసాగింది. చిత్రమేమిటంటే స్టీరింగు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కదలకుండా వుంది. మావాడు డ్రైవరు వంక, డ్రైవరు రోడ్డు వంక చూస్తుండగా గన్నవరం విమానాశ్రయం, రామవరప్పాడు రింగు దాటాం.

మేస్త్రీకి డెబ్బై దగ్గర వుంటాయి. తెల్లని గడ్డం, నీలం లుంగీ, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. షెడ్డు చిన్నదే. బానెట్టు ఎత్తుతాడనుకుని మావాడు ముందుకు వంగాడు. ఆయన బానెట్టు జోలికే పోలేదు. స్టూలు మీద కూచుని, “బండి ఎవరు నడుపుతారు?” అని అడిగాడు.

“నేను ఓనర్నండీ...” అంటూ మావాడు ఏదో చెప్పబోయాడు.

“తెలుసు బాబూ. నడిపేదెవరు?”

డ్రైవరు ముందుకొచ్చాడు. “చెప్పు తమ్ముడూ. అదురా, వణుకా, ఊపా, కొట్టుడా?”

నేను ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. నిఘంటువు తీస్తే అదురు అంటే వణుకు అనీ, వణుకు అంటే అదురు అనీ వుంటుంది. ఇక్కడ అట్లా కుదరదు. ఆయన లెక్కలో ఊపు అంటే నెమ్మదిగా, దాదాపు వేలుమడిచి లెక్కపెట్టగలిగినంత తీరుబడిగా వచ్చేది, అది చక్రానిది. స్టీరింగు ఊగితే ముందుచక్రం, సీటు ఊగితే వెనకచక్రం. వణుకు అంటే బండి కదలబోయేటప్పుడు, క్లచ్చు వదిలేటప్పుడు ఒక్కసారి ఒళ్ళు జలదరించినట్టు వచ్చి పోయేది. కొట్టుడు అంటే గేరు మార్చినప్పుడో, కాలు తీసి వేసినప్పుడో కింద టక్కున తగిలేది. ఎక్కడో జాయింటు అరిగి వదులైందన్నమాట. అదురంటే ఒక వేగం వచ్చేదాకా లేకుండా, ఆ వేగంలో పుట్టి, లెక్కకందకుండా గుయ్యిమని మోగేది. నాలుగు మాటలు, నాలుగు జబ్బులు. ఆ పూట మా కాలేజీ పిల్లలు అక్కడ వుంటే పర్యాయపదాల పాఠం మరోలా చెప్పేవాణ్ణి.

“అదురండీ” అన్నాడు కుర్రాడు. “అరవైలో మొదలు. ఖాళీగా వుంటేనే. లోడుంటే రాదు.”

మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని అతణ్ణి ఒకసారి తేరిపార చూశాడు. “మళ్ళీ చెప్పు” అన్నాడు. అతను మళ్ళీ చెప్పాడు. ఆయన లేచి, “పద, రోడ్డెక్కుదాం. మేష్టారూ, మీరూ రండి. ఓనరుగారు టీ తాగుతుంటారు” అన్నాడు. మా బావమరిదిని ఎందుకు దింపేశాడో నాకు తరువాత తెలిసింది. యజమాని పక్కనుంటే డ్రైవరు బండిని అదిరే వేగం దాకా పోనివ్వడట.

రహదారి మీద ఆయన చేయించిన పరీక్షలు నాలుగే. అరవై అయిదు వేగంలో అయిదో గేరులో పోనిచ్చి అదురు పుట్టించాడు. అదే వేగంలో నాలుగుకు దింపమన్నాడు. ఇంజను గొంతు పెరిగింది. అదురు అట్లాగే వుంది. ఇంజను తిరగడం మారినా అదురు మారలేదంటే ఇంజనుది కాదు. క్లచ్చు తొక్కి, గేరు తప్పించి బండిని దానంతటదే దొర్లనిమ్మన్నాడు. అదురు కాస్త మెత్తబడిందిగాని పోలేదు. బండిని పక్కకు ఆపి, నిలబెట్టి ఇంజను గట్టిగా రేపమన్నాడు. అంతా నిమ్మళం. చివరికి ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి సీటు కింద ఇనుము మీద వేసి కళ్ళు మూసుకుని కూచున్నాడు. ఆ వేగంలో ఒక మనిషి కళ్ళు మూసుకోవడం, అది డ్రైవరు కాకపోయినా సరే, నాకు కొంచెం భయంగానే వుంది.

“గేరుబాక్సు లోపలి పళ్ళయితే గేరు మార్చగానే పాట మారాలి. మారలేదు. ఇది దాని వెనకది” అన్నాడు కళ్ళు తెరిచి.

గేరుబాక్సు వెనక ఏముంటుందో తెలియని నాబోటివారి కోసం కొంచెం చెప్పాలి. పికప్ బండికి ఇంజను ముందుంటుంది, తోసే చక్రాలు వెనకుంటాయి. ఇంజను తిప్పుడును వెనక్కి చేరవేసే పొడుగాటి ఇనుప గొట్టం ప్రొపెల్లరు షాఫ్టు. బండి పొడుగైతే ఆ గొట్టాన్ని రెండు ముక్కలు చేసి, నడుమ రబ్బరు తొడుగులో బేరింగు పెట్టి చట్రానికి వేలాడదీస్తారు. గేరుబాక్సు చట్రానికి బిగించి వుంటుంది. వెనక ఇరుసేమో కమాను కట్టల మీద గుంటకొకసారి ఎగిరిపడుతుంది. కనుక గొట్టం తిన్నగా వుండలేదు, వంగాలి. వంగుతూ తిరగాలి. అందుకు ముక్కకూ ముక్కకూ మధ్య రెండు పంగలూ, వాటి నడుమ కూడికగుర్తులాంటి ఇనుప క్రాసూ అమరుస్తారు. యూరపులో కార్డాను పేరుతోనూ, ఇంగ్లాండులో హుక్ పేరుతోనూ దీన్ని పిలుస్తారు. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ ఖగోళయంత్రాల నిమిత్తం దీన్ని వివరించాడు. మోటారు బండికి పనికొచ్చేలా 1903లో పేటెంటు పొందినవాడు అమెరికాలో క్లారెన్స్ స్పైసర్.

ఈ క్రాసుకు ఒక వంకర గుణం వుంది. తిన్నగా వున్నంతసేపూ బుద్ధిగా తిరుగుతుంది. వంచితే, ఇటుపంగ సమంగా తిరుగుతున్నా అటుపంగ సమంగా తిరగదు. ఒక్క చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. వంపు రెట్టింపైతే ఈ తేడా నాలుగింతలవుతుంది. దీనికి విరుగుడు రెండో క్రాసు. మొదటిది ఎంత వంగిందో రెండోదీ అంతే వంగితే, మొదటిది చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. దూలాన్ని కోసే ఇద్దరు రంపంవాళ్ళను చూడండి. ఒకడు లాగితే ఒకడు వదలాలి. ఇద్దరి వూపూ సరిపోతే రంపం పాడుతూ తెగుతుంది, సరిపోకపోతే మధ్యలో అదిరి పట్టేస్తుంది. షాఫ్టు సంగతీ అంతే.

నేను చేతిలోని కాగితం మీద లెక్క కట్టి చూశాను. గంటకు అరవై కిలోమీటర్లంటే నిమిషానికి వెయ్యి మీటర్లు. టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. అంటే చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు తిరుగుతుంది. చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు దాదాపు నాలుగు చుట్లు తిరగాలి. అది సెకనుకు 32. క్రాసు తేడా చుట్టుకు రెండు గనుక సెకనుకు 64. ఎనిమిదైతే ఊపు, 64 అయితే గుయ్యిమనే మోత. మేస్త్రీ చెవి ఈ లెక్కను కాగితం లేకుండానే కట్టింది.

షెడ్డుకు తిరిగివచ్చాక ఆయన అట్టముక్క పరిచి బండి కిందికి దూరాడు. డెబ్బై ఏళ్ళ మనిషి పాములా జారిపోయాడు. వెనకే ఒక కుర్రాణ్ణి రమ్మని, వాడి సెల్‌ఫోను తీసుకున్నాడు. తాపీపనివాళ్ళ రసమట్టం పనిచేసే సాధనం ఇప్పుడు ఫోనులోనే వుంటుందిట. దాన్ని షాఫ్టు మీద, ఇరుసు నోటి మీద ఆనిస్తూ అంకెలు పైకి చెబితే, కుర్రాడు సుద్దముక్కతో నేలమీద రాశాడు: మూడు, తొమ్మిది, ఆరు. ముందుగొట్టం వెనక్కి మూడు డిగ్రీలు వాలి వుంది. వెనకగొట్టం తొమ్మిది. ఇరుసు నోరు ఆరు.

“చూడండి మేష్టారూ. నడిమి క్రాసు దగ్గర వంపెంత?”

“తొమ్మిదిలో మూడు పోతే ఆరు.”

“వెనక క్రాసు దగ్గర?”

“తొమ్మిదిలో ఆరు పోతే మూడు.”

“ఆరుకు మూడు ఎక్కడన్నా జోడీ అవుతుందా? రెండింటికీ ఒక డిగ్రీ కంటే తేడా వుండకూడదు. అసలు వంపే మూడు, నాలుగు దాటకుండా వుంటే మంచిది.” ఆయన మెల్లగా బయటికి జరిగి, వెనకచక్రాల పక్కనున్న కమాను కట్టలను పానాతో తట్టాడు. “ఓనరుగారూ, ఈ పట్టీలు కంపెనీవి కావు. ఎవరు వేశారు?”

మా బావమరిది గ్లాసులోని టీ అడుగుకు చూస్తూ, “నేనే వేయించానండీ. మాఘమాసంలో. పక్కకు రెండేసి” అన్నాడు.

ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డ్రైవరుకు తెలుసు. అయినా యజమాని చేయించిన పనిని యజమాని ముందు తప్పుపట్టే సాహసం అతనికి లేదు. పట్టీలు ఎందుకు వేస్తారో లోకానికంతా తెలిసిందే. కాగితం మీద ఈ బండి మోయవలసింది టన్నున్నర. రెండేసి పట్టీలు అదనంగా వేస్తే కట్ట బిరుసెక్కి, రెండున్నర టన్నులు వేసినా నడుము వంగదు. డెబ్బై ట్రేలకు బదులు నూటపది వేయొచ్చు. ఆ బరువుకు బ్రేకులు పడతాయా, టైర్లు ఓర్చుకుంటాయా అన్నది వేరే సంగతి. పట్టీలు పెరిగేసరికి ఖాళీబండి తోక పైకి లేచింది. షాఫ్టు వంపు ఎక్కువైంది. అదొక్కటే అయితే రెండు క్రాసులూ సమంగా వంగి ఎట్లాగో సర్దుకునేవి. కాని పట్టీలు వేసినవాడు వాటిని కుదురుగా కూచోబెట్టడానికి ఇరుసుకూ కట్టకూ మధ్య ఒకపక్క మందం, ఒకపక్క పల్చనా అయిన ఇనుపచెక్క ఇరికించాడు. దానితో ఇరుసు మూతి పైకి తిరిగింది. జోడీ తప్పింది.

“లోడు వేస్తే కట్ట అణుగుతుంది, షాఫ్టు తిన్నబడుతుంది. తేడా వున్నా తెలియనంత తగ్గుతుంది. ఖాళీ అయితే మళ్ళీ లేస్తుంది. ఈ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం” అన్నాడు మేస్త్రీ.

మావాడు వెంటనే నమ్మలేదు. నమ్మకపోవడంలో అరవై వేల పరువుంది మరి. మేస్త్రీకి కోపం రాలేదు. ఎదురు దుకాణంవాణ్ణి కేకేసి, వాడి పాత కమాను కట్టలు టన్ను పైగా తొట్టిలోకెత్తించాడు. ఆరుగురు కుర్రాళ్ళు అరగంట మోశారు. ఫోను మళ్ళీ కిందికి వెళ్ళింది. ఈసారి సుద్దతో రాసిన అంకెలు: నడిమి వంపు రెండు, వెనక వంపు ఒకటి. “ఇప్పుడు మీరు కూచోండి బాబూ” అని మా బావమరిదిని డ్రైవరు పక్కన ఎక్కించి పంపాడు. ఎనభై దాకా వెళ్ళివచ్చారట. దిగిన తరువాత మావాడు చాలాసేపు మాట్లాడలేదు. డ్రైవరు కూడా మాట్లాడలేదు. కాని కుర్రాళ్ళు కట్టలు దింపుతుంటే వెళ్ళి తనూ ఒక చెయ్యి వేశాడు.

తక్కిన వైద్యం చకచకా జరిగిపోయింది. షాఫ్టు ఊడదీసేముందు పంగల మీదా గొట్టాల మీదా సుద్దగీతలు గీశారు. గీతకు గీత కలపకుండా ఒక పన్ను అటూయిటూగా దూర్చితే మళ్ళీ కొత్త అదురు పుడుతుందట. నడిమి బేరింగు రబ్బరు చిరిగి వుంది. వెనక క్రాసు కప్పుల చుట్టూ కుంకుమలాంటి ఎర్రపొడి. గ్రీజు ఎండి లోపల సూదుల బేరింగు తుప్పుపట్టిన గుర్తు. వారాల తరబడి అదిరిన ఫలితమే ఇదంతా. ఇంకొంచెం ఉపేక్షిస్తే గేరుబాక్సు తోక బేరింగు నిజంగానే పోయేది. క్రాసు విరిగి షాఫ్టు ముందుకొస రోడ్డుకు పొడుచుకుంటే బండి ఏమవుతుందో మేస్త్రీ చెప్పబోయి, డ్రైవరు మొహం చూసి ఆపేశాడు. గేరుబాక్సు మార్చి వుంటే ఏమయ్యేదని నేనడిగాను. “ఏమవుతుంది? కొత్త గేరుబాక్సుతో అదిరేది” అన్నాడు.

షాఫ్టు భుజాన వేసుకుని డ్రైవరూ నేనూ రెండు వీధుల అవతల బాలెన్సింగు చేసే షెడ్డుకు వెళ్ళాం. అక్కడ మిషను మీద షాఫ్టును పడుకోబెట్టి తిప్పుతారు. ఏ పక్క ఎన్ని గ్రాములు తూకం తప్పిందో అద్దంలో అంకెలు పడతాయి. తప్పినచోట గోటంత రేకుముక్క వెల్డింగు చేస్తారు. మా షాఫ్టు మీద ఒకచోట పాతరేకు ఊడిపోయిన మచ్చ కనిపించింది. తులాలెక్కన తూచే పని చేస్తున్నారు, ఇది కంసాలి వీధా అనిపించింది. మిషను తిరుగుతుండగా కుర్రాడు మొదటిసారి నోరు విప్పాడు. ఖాళీగా వచ్చేటప్పుడు అదురు భరించలేక నలభై అయిదు దాటేవాణ్ణి కాదనీ, ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండయ్యేదనీ, ఆలస్యమెందుకైందని ఓనరుగారు అడిగితే అదురని చెప్పేవాణ్ణనీ అన్నాడు. అదురు ఎందుకని అడిగితే వేగంగా తోలావన్నారు. ఆ చిక్కుముడిలో అతను నెలన్నర తిరిగాడు.

అన్నిటికీ కలిపి ఏడువేల నాలుగు వందలయింది. డబ్బు లెక్కపెడుతూ మావాడు ఆగి, అసలు సంగతి అప్పుడెత్తాడు. “మేస్త్రీగారూ, ఆ చెక్క తీసేయండి. పట్టీలు మాత్రం వుంచండి. లేకపోతే నేను బతకలేను.”

“వుంచమంటే వుంచుతా. చెక్క పోతే అదురు చాలావరకు పోతుంది. కాని తోక లేచే వుంటుంది, క్రాసులు ఏడాదికి రెండుసార్లు తింటుంది. బరువు సంగతి నేను చెప్పను. అది మీకూ పోలీసులకూ.”

2019లో మోటారు వాహనాల చట్టం సవరించిన దగ్గరనుంచి అధికలోడుకు ఇరవై వేలూ, పైన టన్నుకు రెండు వేలూ అని చట్టంలో వుంది. అది మావాడికి తెలియక కాదు. నూటపది ట్రేలకూ డెబ్బై ట్రేలకూ నలభై తేడా. ఒక్కొక్క ట్రే ఇరవై రెండు కిలోలు. అతను జేబులోంచి చిట్టాపుస్తకం తీసి టీకొట్టు బల్ల మీద పెట్టుకున్నాడు. డీజిలు, కూలీ, మార్కెట్టు కమీషను, వాయిదా. అటు కూడి, ఇటు తీసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. నాకు అందులో చెప్పగలిగింది ఏమీ లేదు. నాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

చాలాసేపటికి తలెత్తి, నన్నుగాక డ్రైవరును అడిగాడు: “నువ్వేమంటావురా?”

కుర్రాడు తడుముకోలేదు. “నూటపదేస్తే గట్టు దగ్గర రెండో గేరండీ. పోయిరావడానికి రోజంతా పడుతుంది. డెబ్బై వేస్తే, వచ్చేటప్పుడు అదురు లేకపోతే, రోజుకి రెండు ట్రిప్పులు తిప్పుతాను.”

“రెండు ట్రిప్పులంటే నూట నలభై.”

“అవునండి. బత్తా కూడా రెండండి.”

మావాడు ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాడు. జీతంలో పట్టుకుంటానన్న ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తనని అనడమూ వినలేదు. “తీసేయండి మేస్త్రీగారూ” అని మాత్రం అన్నాడు.

నాలుగు పట్టీలూ, ఇనుపచెక్కలూ ఊడి నేల మీద పడ్డాయి. తోక దిగిన బండి కింద ఫోను పెట్టి చూస్తే మూడు, ఏడు, మూడు. నడుమ నాలుగు, వెనక నాలుగు. మేస్త్రీ సుద్దగీతల్ని కాలితో చెరిపేశాడు. ఈ పట్టీలు పాత ఇనుము కింద తూకానికి వేసుకుంటానని ఎదురు దుకాణంవాడు వచ్చాడు. మా బావమరిది క్షణం ఆలోచించి, వద్దన్నాడు. డ్రైవరు చేత వాటిని తొట్టిలో వేయించాడు.

పొద్దు వాలాక బయలుదేరాం. రింగు దాటి రహదారి ఎక్కగానే ముగ్గురం మాటలు మానేసి ముల్లు వంక చూస్తూ కూచున్నాం. అరవై అయింది, డెబ్బై అయింది, డెబ్బై అయిదయింది. అద్దంలో వెనక వచ్చే లారీ ఒక్కటే లారీగా కనబడింది. హనుమాన్ జంక్షన్ దాకా వినిపించిందల్లా తొట్టిలో ఆ నాలుగు పట్టీలు ఒకదానికొకటి తగిలే గలగల.